పని మీద ఉండగా

రాయపురం, చెన్నై
11 ఫిబ్రవరి 2024

బావగారికి విజయ నమస్కారాలు.

నేను ఇక్కడ క్షేమంగా ఉన్నాను. అత్తమ్మ కాళ్ళ వాపు తగ్గిందా? ముత్తుకూరు డాక్టరు రాసిన మాత్రలు అన్నం తిన్నాకే వేసుకోమనండి. ఖాళీ కడుపున వేసుకుంటే మళ్ళీ వాంతులవుతాయి.

ఫోన్ చెయ్యొచ్చు గదా, ఉత్తరం ఎందుకని అనుకుంటారేమో. ఫోన్ చేస్తే మీకు వినబడదు. పక్కింటి సుప్రియను పిలవాలి, నేను చెప్పింది ఆ అమ్మాయి మీకు సైగలు చేసి చెప్పాలి. ఈ సంగతులు ఇంకొకరి నోటి మీదుగా పోవడం నాకు ఇష్టం లేదు. మీ తమ్ముడు కూడా ఓడ ఎక్కినప్పుడల్లా నాకు ఫోన్ చేసేవాడు, మీకు మాత్రం కాగితం మీద రాసేవాడు. 'బోటు ఇంజను మా అన్న చెవులు తినేసినాది, కళ్ళు బాగానే ఉన్నాయి గదా' అనేవాడు.

ఆయన 'ఆస్టర్ వేల్' ఓడ మీద కనబడకుండా పోయి మూడు నెలలైంది. ఆ ఓడకు మనుషుల్ని పెట్టిన ఏజెంటు ఆఫీసు ఈ ఊళ్ళో ఉందనే నేను వచ్చాను. ఎన్నిసార్లు పోయినా వాళ్ళది ఒకటే మాట. "మనిషి దొరకలేదు కదమ్మా. ఆచూకీ లేనివాళ్ళను చనిపోయినట్టు అనుకోవడానికి చట్టం ఏడేళ్ళు పెట్టింది. అప్పుడు రండి." నేను నమ్మి వెనక్కి వచ్చేద్దామనుకున్నాను. హార్బరు దగ్గర ఓడ పనివాళ్ళ యూనియను ఒకటి ఉంది. వాళ్ళు నన్ను క్యాథరిన్ అనే వకీలమ్మ దగ్గరికి పంపారు. ఆమె విని, "ఏడేళ్ళు కూర్చుంటే నీకు కేసే ఉండదు. పరిహారం అడగడానికి గడువు రెండేళ్ళే. నడిసముద్రంలో ఓడ మీద నుంచి పోయినవాడి సంగతి వేరు, జరిగిన పరిస్థితులు చూపించి రుజువు చెయ్యొచ్చు" అంది. ఆ మాట ఏజెంటుకు తెలియక కాదు.

పరిహారం అడిగే హక్కు భార్యతో పాటు తల్లికీ ఉందట. కేసు కాగితాలు ఈ కవరులోనే పెట్టాను, అత్తమ్మ వేలిముద్ర పెట్టాల్సిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టాను. పెట్టించి పంపండి.

నేను చొక్కాల కంపెనీలో కాలర్లు కుట్టే పనిలో చేరాను. హాస్టల్లో గదికి నలుగురం. తక్కిన ముగ్గురూ తమిళం వాళ్ళు, మంచివాళ్ళే. వాళ్ళు నవ్వుకుంటుంటే ఎందుకో తెలియక నేనూ నవ్వుతాను. ఇక్కడ నెత్తళ్ళ చేపలను నెత్తిలి అంటారు. అడగడం రాక మొదటిరోజు వేలుతో చూపించి కొనుక్కున్నాను.

మీ మరదలు
విజయ


పాలెం, ముత్తుకూరు మండలం
24 ఫిబ్రవరి 2024

చి.సౌ. విజయకుమారికి పోలేరయ్య దీవించి రాసేది.

నీ కవరు అందింది. కాగితాలు ఇందులోనే తిప్పి పంపుతున్నాను. అమ్మ వేలిముద్ర పెట్టలేదు. నేను అడగనూ లేదు.

పోస్టాఫీసు దగ్గరే విప్పి చదివాను. మొదటి పేజీలోనే 'మరణించిన శివశంకర్' అని ఉంది. అక్కడికి మడిచేశాను. ఇంటికి పోగానే అమ్మ "ఏం రాసినాదిరా కోడలు?" అంది. అమ్మ మాట పెదవులు చూస్తే నాకు తెలిసిపోతుంది. "బాగుందంట. నీ మాత్రల సంగతి అడిగినాది" అన్నాను. ఇంకేం చెప్పమంటావు?

మొన్నటేడు పక్క పాలెం వాళ్ళ బోటు ఇంజను చెడి కొట్టుకుపోయింది. అందరూ ఏడ్చి ఊరుకున్నాక శ్రీలంక జైల్లో ఉన్నారని కబురొచ్చింది. నలుగురూ తిరిగొచ్చారు. శంకరకు ఈత నేర్పింది నేను. వాడు నాకంటే బాగా ఈదుతాడు. చచ్చిపోయినాడని నువ్వు కోర్టుకు రాసిచ్చాక వాడు ఏ రేవులోనో దిగి ఇంటికొస్తే, వాడికి ఏం చెప్పుకుంటావు?

అమ్మ రోజూ వాడికని చేప ముక్క తీసిపెడుతుందని నీకు తెలుసు. నువ్వు ఉన్నప్పుడు ఆ ముక్క పిల్లికి వేసి వచ్చేదానివి, అమ్మ చూడకుండా. ఇప్పుడు ఆ పని నేను చేస్తున్నాను.

నీకు తొందరగా ఉండొచ్చు. మాకు లేదు.

పోలేరయ్య


రాయపురం, చెన్నై
17 మార్చి 2024

బావగారికి,

మీ ఉత్తరం అంది చాలా రోజులైంది. జవాబు రాయడానికి కూర్చున్న ప్రతిసారీ 'తొందర' అనే మాట దగ్గర ఆగిపోయాను. నాకు దేనికి తొందర బావగారూ?

అది పోయిన ఆదివారం తెలిసింది. చిట్టమూరు నుంచి మా అమ్మ ఫోన్ చేసింది. ముత్తుకూరులో పెళ్ళికి పోతే అక్కడ మీ పాలెం వాళ్ళెవరో అన్నారట, విజయ మద్రాసులో మళ్ళీ పెళ్ళి చేసుకుంటోంది, అందుకే మొగుడు పోయినట్టు రాయించుకుంటోంది అని. మా అమ్మ వాళ్ళతో పోట్లాటకు దిగితే, "వాళ్ళ బావనే అడిగినాం. అవునని తల ఊపినాడు" అన్నారట.

ఇంకెవరన్నా అని ఉంటే పట్టించుకోను. మీరు ఊపారు. ఆ మాట విన్నాక నాకు కుట్టే కాలరు కనబడలేదు. రెండు పాడు చేశాను.

క్యాథరిన్ గారు ఇక ఆగడం మంచిది కాదన్నారు. నా ఒక్కదాని పేరు మీద లేబర్ ఆఫీసులో కేసు వేశాం. అత్తమ్మ వేలిముద్ర లేదు కాబట్టి ఆమెను ఎదురు పార్టీల్లో చేర్చాలట. అది పేరుకే, ఆమె వాటా పోకుండా ఉండడానికే. అక్కడికి నోటీసు వస్తే భయపడకండి.

ఆదివారాలు కాశిమేడు హార్బరుకు పోయి కూర్చుంటాను. బోట్లు వస్తాయి, చేపలు దించుతారు, అరుచుకుంటారు. ఎవరూ నన్ను ఎందుకు కూర్చున్నావని అడగరు. అక్కడైతే పాలెంలో ఉన్నట్టే ఉంటుంది. అట్లా అనుకుని పోతాను, వచ్చేటప్పుడు అట్లా ఉండదు.

విజయ


పాలెం
2 ఏప్రిల్ 2024

చి.సౌ. విజయకుమారికి,

నీ ఉత్తరం కంటే ముందు నోటీసు వచ్చింది. పోస్టుమ్యాన్ అమ్మ చేతికే ఇచ్చాడు. సుప్రియ చదివి, నాగులమ్మ ఎదురు పార్టీ అని చెప్పేసింది. "కోడలు నా మీద కేసు పెట్టినాదా?" అని అమ్మ ఆ పూట అన్నం తినలేదు. నీ ఉత్తరం తర్వాత మూడు రోజులకు వచ్చింది. అప్పుడు చూపించి సర్దిచెప్పాను. నమ్మిందో లేదో తెలియదు.

పెళ్ళి మాట గురించి. విజయా, నాకు చెవులు పోయి పదేళ్ళయింది. రేవు దగ్గర ఎవరు ఏం అడిగినా తల ఊపుతాను. ఊపకపోతే మళ్ళీ చెవి దగ్గరకొచ్చి అరుస్తారు, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు. చేపలు పడ్డాయా అంటే ఊపుతాను, గాలి లేచిందా అంటే ఊపుతాను. ఆ ఎదవ ఏం అడిగాడో నాకు తెలియదు. నీ ఉత్తరం చూశాక పోయి వాడి చొక్కా పట్టుకున్నాను. నా మాట ఇంతకంటే ఎక్కువ ఏం చెప్పను? నువ్వు నమ్మాలి.

ఇప్పుడు నేను అడగాల్సింది ఒకటుంది. నిన్న ఏజెంటు ఆఫీసు మనిషి కారులో వచ్చాడు. మంచి మాటలు చెప్పాడు, అమ్మకు పండ్లు తెచ్చాడు. ఒక కాగితం తీసి వేలిముద్ర పెట్టమ్మా, కంపెనీ వాళ్ళు దయతలిచి కొంత ఇస్తారు అన్నాడు. ఇంగ్లీషు కాగితం. నేను సుప్రియను పిలిచి చదవమన్నాను. ఆ పిల్ల చదివి నా వైపు చూసి నోరు తెరవలేదు. అరిస్తే పలక మీద రాసి చూపించింది. 'మనోవేదన వల్ల తనంతట తాను సముద్రంలో దూకినాడు.'

నేను ఆ మనిషిని కారు దాకా మెడపట్టి తోసుకుంటూ పోయాను. అమ్మకు ఎందుకో తెలియదు. అడిగితే పండ్లు కుళ్ళినవి తెచ్చినాడని చెప్పాను.

ఈ మాట నీకు ముందే తెలుసా? తెలిస్తే ఎందుకు దాచావు?

శంకర చచ్చిపోయి ఉంటే ఉండొచ్చు. ఆ మాట ఈ కాగితం మీద మొదటిసారి రాస్తున్నాను. దూకినాడంటే మాత్రం ఊరుకునేది లేదు.

పోలేరయ్య


రాయపురం, చెన్నై
14 ఏప్రిల్ 2024

బావగారికి నమస్కారాలు.

ముందు నన్ను క్షమించండి. మీరు తల ఊపే సంగతి నాకు తెలిసి ఉండాలి. ఆ ఇంట్లో నాలుగేళ్ళు ఉన్నాను.

దూకినాడనే మాట నాకు జనవరిలోనే తెలుసు. కెప్టెను రాసిన రిపోర్టులో ఉంది. ముందురోజు సాయంత్రం నుంచి ఎవరూ చూడలేదు, ఉదయం లెక్క చూస్తే మనిషి లేడు, కొద్ది రోజులుగా దిగులుగా ఉండేవాడు, తానే దూకి ఉంటాడు అని రాశాడు. అత్తమ్మ చెవిన పడితే ఆమె ఏమవుతుందోనని చెప్పలేదు. పనిలో ఉండి చనిపోతే యజమాని పరిహారం ఇవ్వాలి. తనంతట తాను దూకితే ఇవ్వక్కర్లేదు. వాళ్ళకు ఆ వాక్యం అందుకే కావాలి అని క్యాథరిన్ గారు అన్నారు.

మొన్న విచారణలో వాళ్ళ లాయరు నన్ను అడిగాడు. "మీ ఇద్దరికీ గొడవలున్నాయా? చివరి ఫోన్లో ఏం మాట్లాడుకున్నారు? మీకు పిల్లలు లేరు కదా, ఆ విషయంలో ఆయన బాధపడేవాడా?" గది నిండా మనుషులున్నారు. చివరి ఫోన్లో ఫ్యాను గురించి మాట్లాడుకున్నాం. పాత ఫ్యాను కిర్రుమంటోంది, కొత్తది కొందామా అని నేను, వచ్చాక నేనే బాగుచేస్తా అని ఆయన. అదే చెప్పాను. ఆ లాయరు నవ్వాడు. బతకాలనుకునే మనిషి ఫ్యాను గురించి కాక ఇంకేం మాట్లాడతాడో నాకు తెలియదు.

ఇక్కడ గెలిచినా ఓడ యజమాని పరాయి దేశంలో ఉన్నాడు. ఏజెంటేమో నాకు సంబంధం లేదంటాడు. క్యాథరిన్ గారు ఒక దారి చెప్పారు. మనిషి ప్రాణం పోయిన ఓడ మన దేశం నీళ్ళలోకి వస్తే, ఆ ఓడనే కదలకుండా ఆపమని హైకోర్టును అడగొచ్చట. యజమాని పూచీ కట్టేదాకా అది లంగరు ఎత్తడానికి వీల్లేదు. 'ఆస్టర్ వేల్' బొగ్గు తెచ్చే ఓడ. ఆమె ఫోన్లో ఓడలు ఎక్కడున్నాయో చూపించే మ్యాపు ఉంది, రోజూ చూస్తున్నారు. కానీ ఒక్కోసారి రోజుల తరబడి కనబడదు. మీ రేవుకూ బొగ్గు ఓడలు వస్తాయి. పేరు ఇంగ్లీషులో కింద రాశాను, వెనక భాగంలో పెద్ద అక్షరాలతో ఉంటుంది.

ASTER VALE

చేపల వేట నిషేధం మొదలవుతుంది కదా, ఈ రెండు నెలలూ మీకు ఎట్లా జరుగుతుంది? 

విజయ


పాలెం
22 జూన్ 2024

విజయకు,

సుప్రియ ఫోన్లో నీకు చెప్పింది గానీ నేను చెప్పాల్సింది మిగిలే ఉంది.

నిషేధం తీసేసిన మూడోరోజు. తెల్లవారి రేవు దాటి బయటికి పోయాం. బొగ్గు ఓడలు వరస కోసం లంగరు వేసుకుని నిలబడి ఉన్నాయి. నువ్వు రాసిచ్చిన అక్షరాలు నేను బోటు లోపలి చెక్క మీద మేకుతో గీసుకున్నాను. ఒక్కొక్క ఓడ వెనక్కి పోయి పోల్చుకుంటూ వచ్చాను. నాలుగో దాని దగ్గర అక్షరాలు కలిశాయి. చుట్టూ తిరిగి వచ్చి మళ్ళీ చూశాను. వల వెయ్యకుండానే బోటు తిప్పేశాను. నాతో ఉన్నవాళ్ళు ఏమైందని చేతులు ఊపారు. చెక్క మీద గీసిన అక్షరాలు చూపించాను.

సుప్రియ నీకు ఫోన్ కలిపి నా చేతికిచ్చింది. ఆ పిల్లనే చెప్పమందామనుకున్నాను గానీ ఆగలేకపోయాను. ఓడ పేరు చెప్పాను. నువ్వు విన్నావో లేదో నాకెట్లా తెలుస్తుంది, అందుకని మళ్ళీ మళ్ళీ చెప్పాను. చివరికి సుప్రియ ఫోన్ లాక్కుంది.

రెండు రోజులకు పోలీసులు, పోర్టు వాళ్ళు, కోర్టు మనిషి లాంచీలో పోయి ఓడకు కాగితం అంటించి వచ్చారు. అప్పటి నుంచి అది కదల్లేదు. నేను రోజూ వేటకు పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి దాని పక్కగా పోతున్నాను. బొగ్గుతో బరువుగా ఉన్నా కూడా, తల పైకెత్తితే అంచు ఎక్కడో ఉంటుంది. అక్కడ నుంచి పడ్డవాడికి ఈత వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే. శంకరకు ఈత నేర్పానని నీకు గొప్పగా రాశాను.

మొన్న పైన ఒక మనిషి నన్ను చూసి రెండు చేతులూ ఊపాడు. నోరు పెద్దగా తెరిచి ఏదో అన్నాడు. అంత దూరాన పెదవులు కనబడవు. ఆపకుండా అంటూనే ఉన్నాడు. నేను కూడా చెయ్యి ఊపి వచ్చేశాను. అంతకంటే ఏం చెయ్యను?

అమ్మకు ఇంకా చెప్పలేదు. ఇన్ని ఓడల్లో ఒక ఓడ అనుకుంటోంది.

పోలేరయ్య


రాయపురం, చెన్నై
28 జూన్ 2024

బావగారికి,

విన్నాను. మీరు ఫోన్ చేసినప్పుడు మిషను మీద ఉన్నాను. 'ఆస్టర్ వేల్, ఆస్టర్ వేల్' అని మీరు అరుస్తూనే ఉన్నారు. "విన్నాను బావగారూ" అని నేనూ అరిచాను. అరిస్తే మీకు వినబడుతుందని ఎందుకనుకున్నానో తెలియదు. హాలులో వంద మిషన్లు ఆగిపోయాయి.

ఆ సాయంత్రమే క్యాథరిన్ గారితో రైలెక్కి విజయవాడ, అక్కడి నుంచి అమరావతి హైకోర్టుకు పోయాను. అందుకే రేవుకు రాలేకపోయాను. కోర్టులో నేను వెనక నిలబడ్డాను. జడ్జిగారు "ఆ అమ్మాయి వచ్చిందా?" అని అడిగితే చెయ్యెత్తాను. ఆయన ఒకసారి చూసి తల దించుకుని రాసుకున్నారు. ఓడను ఆపమని ఆర్డరు చేతికి వచ్చేటప్పటికి నాకు సంతోషం కలగలేదు. ఆ ఓడలో ఇరవై మంది ఉన్నారు. వాళ్ళ ఇళ్ళల్లో కూడా ఎదురుచూస్తుంటారు కదా.

మీకు చెయ్యి ఊపిన మనిషి నరేంద్రబాబు అయ్యుండాలి. శ్రీకాకుళం వైపు అబ్బాయి. మీ తమ్ముడు, అతను ఒకే రోజు ఓడ ఎక్కారు. ఒకే క్యాబిను. ఆయన ఫోన్లో 'మా నరేంద్ర' అనేవాడు. అతను నాకు ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదని నేను కోపంగా ఉండేదాన్ని. క్యాథరిన్ గారి జూనియరు ఓడ మీద వాళ్ళ వాంగ్మూలాలు రాసుకోవడానికి వస్తున్నాడు. నరేంద్రబాబు నోరు విప్పుతాడని నాకు నమ్మకం లేదు. విప్పితే మళ్ళీ ఏ ఓడా ఎక్కనివ్వరు.

విజయ


పాలెం
9 జూలై 2024

అమ్మా విజయా,

నరేంద్రబాబు ఇంటికొచ్చాడు.

పోర్టు వాళ్ళ దగ్గర పాసు తీసుకుని, ఆటోలో అడుగుతూ అడుగుతూ వచ్చాడు. గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పాడు గానీ లోపలికి రాలేదు. నేను చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టాను. అమ్మ ఎదురుగా కూర్చుంది. నేను గోడకు ఆనుకున్నాను. అతను తల వంచుకుని మాట్లాడుతున్నాడు, పెదవులు కనబడడం లేదు. అందుకని నేను అమ్మ మొహం చూస్తూ కూర్చున్నాను.

అమ్మ మొహం మొదట మామూలుగానే ఉంది. శంకర పేరు చెప్పినట్టున్నాడు, కొంచెం నవ్వింది కూడా. తర్వాత నవ్వు పోయింది. చాలాసేపు ఏ కదలికా లేదు. ఒకచోట కళ్ళు మూసుకుంది. అప్పుడు నాకు తెలిసింది. నాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

అతను పోయాక అమ్మ నా ముందు కూర్చుని, నా గడ్డం పట్టుకుని మెల్లగా, ఒక్కో మాటా తెలిసేట్టు చెప్పింది.

"గాలివానంట అబ్బయా. ఓడ ముందు పక్క కట్టిన తాళ్ళు ఊడిపొయినాయంట. పెద్దాఫీసరు మన శంకరని పొయ్యి కట్టి రమ్మన్నాడంట. నడుముకు తాడు ఇయ్యలేదంట. ఈ బిడ్డ చుక్కాని కాడ నిలబడి అద్దంలోంచి చూస్తానే ఉన్నాడంట. అల లేచినాదంట. దిగినాక మనిషి లేడంట. ఓడ తిప్పమని ఈ బిడ్డ ఏడిస్తే, ఈ గాలిలో తిప్పితే అందరం పోతామన్నాడంట కెప్టెను. తెల్లారినాక అందరినీ నిలబెట్టి, సాయంత్రం నుంచి చూళ్ళేదని చెప్పమన్నాడంట."

"నువ్వేమన్నావు?" అన్నాను.

"పొయ్యేముందు నీతో ఏమన్నా అన్నాడా అని అడిగినా. టీ పెట్టుంచరా, వచ్చి తాగుతా అన్నాడంట. టీ పెట్టమన్నోడు దూకుతాడా?"

దూకినాడన్న మాట అమ్మకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఆ కారు మనిషి వచ్చిన రోజే తెలుసునంట. నేను బాధపడతానని నాకు చెప్పలేదంట. నువ్వు మా ఇద్దరి దగ్గరా దాచావు, నేను అమ్మ దగ్గర దాచాను, అమ్మ నా దగ్గర దాచింది.

అమ్మ నరేంద్రబాబుకు అన్నం పెట్టింది. శంకరకని తీసిపెట్టిన ముక్క అతని పళ్ళెంలో వేసింది. మర్నాడు ఓడ మీద ఆ జూనియరు ముందు అతను అంతా చెప్పి సంతకం చేశాడు.

వేలిముద్ర పెట్టాల్సిన కాగితాలు మళ్ళీ పంపు. అమ్మ తానే అడిగింది.

పోలేరయ్య


రాయపురం, చెన్నై
6 అక్టోబర్ 2024

బావగారికి, అత్తమ్మకు నమస్కారాలు.

యజమాని కోర్టులో పూచీ కట్టాక జూలైలో ఓడ వెళ్ళిపోయింది, మీరు చూసే ఉంటారు. ఇప్పుడు వాళ్ళు రాజీకి వచ్చారు. మిమ్మల్ని అడగకుండా జవాబు చెప్పనన్నాను.

దూకినాడనే మాట తీసేస్తారట. దాని బదులు 'కారణం తెలియదు' అని ఉంచుతారట. దానికి మనం ఒప్పుకుంటే చట్టం ప్రకారం రావాల్సినదాని కంటే ఎక్కువే ఇస్తారట, ఈ నెలలోనే. జరిగింది జరిగినట్టు రాయాలని పట్టుబడితే, చట్టం ప్రకారం వచ్చేదే వస్తుంది, ఎప్పటికి తేలుతుందో తెలియదు. పెద్దాఫీసరు మీద మచ్చ పడకూడదని వాళ్ళ తాపత్రయం. క్యాథరిన్ గారు "ఏది ఎంచుకున్నా తప్పు కాదు విజయా, ఇది మీ ఇంటి నిర్ణయం" అన్నారు.

నాకు అలసటగా ఉంది బావగారూ. నరేంద్రబాబుకు ఇంకా ఏ ఓడలోనూ పని దొరకలేదు, విశాఖలో ఒక కొట్లో మూటలు మోస్తున్నాడు. అతను అంత పోగొట్టుకుని చెప్పిన మాటను నేను 'తెలియదు' అని రాసి మూసెయ్యడమా అనిపిస్తుంది. ఇంకో పూట, ఇక చాలు, ఆ గదిలోకి పోయి మళ్ళీ కూర్చోలేను అనిపిస్తుంది. హాస్టల్లో వాళ్ళకు ఇదంతా చెప్పేంత తమిళం నాకు ఇంకా రాలేదు. వచ్చినా చెప్పనేమో.

అత్తమ్మ ఏమంటే అదే.

విజయ


పాలెం
15 అక్టోబర్ 2024

అమ్మా విజయా,

నీ ఉత్తరం అమ్మకు మొత్తం చదివాను. మూడోరోజు రొయ్యలు ఒలుస్తూ అంది.

"తెలీదని రాస్తే ఎట్లా? తెలుసు గదా."

అంతే అంది. నా మాట కూడా అదే. నీకు ఓపిక లేకపోతే చెప్పు, ఆ గదిలో నీ పక్కన నేను వచ్చి కూర్చుంటాను. వాళ్ళు అడిగేది నాకు వినబడకపోయినా నువ్వు ఒక్కదానివే ఉండవు.

పోలేరయ్య


రాయపురం, చెన్నై
29 నవంబర్ 2024

బావగారికి,

అయిపోయింది. మనం ఒప్పుకోవడం లేదని తెలిశాక వాళ్ళు ఇంకో రెండు వాయిదాలు లాగి, చివరికి దిగొచ్చారు. నరేంద్రబాబు వాంగ్మూలం ఉంది కాబట్టి వాదిస్తే ఓడిపోతామని వాళ్ళ లాయరే చెప్పాడట. ఆరోజు మీరు వచ్చి నా పక్కన కూర్చున్నప్పుడు ఆ లాయరు నన్ను ఫ్యాను గురించి గానీ పిల్లల గురించి గానీ అడగలేదు. మీరు ఆయన నోటి వైపు రెప్ప వెయ్యకుండా చూస్తుంటే ఆయనకు మాట తడబడింది. మీకు అది తెలిసి ఉండదు.

కోర్టు కాగితం, మరణ ధ్రువపత్రం రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. ముఖ్యమైన భాగం క్యాథరిన్ గారు తెలుగులో రాయించి ఇచ్చారు. నేనే తీసుకురావాల్సింది. తెస్తే అత్తమ్మ ఎదురుగా నేనే చదవాలి. ఇన్నాళ్ళూ ఈ కాగితం కోసమే తిరిగాను, తీరా చేతికి వచ్చాక అందులో ఉన్నది ఆయన ఇక లేడనే కదా. అది నా నోటితో అనడం నా వల్ల కాదు. మీరు చదవండి.

నరేంద్రబాబుకు విశాఖ రేవులో ఓడలను లాగే టగ్గు పడవ మీద పని దొరికింది. యూనియను వాళ్ళు మాట్లాడారు. నడిసముద్రంలోకి పోయే పని కాదు, సాయంత్రానికి ఇంటికి రావచ్చు. 

విజయ


పాలెం
8 డిసెంబర్ 2024

అమ్మా విజయా,

కవరు శుక్రవారం అందింది. కర్మ ఈ నెలలోనే రేవు దగ్గర చేద్దామని అమ్మ అంటోంది. నువ్వు లేకుండా చెయ్యదు. ఏ బస్సుకు వస్తావో రాస్తే నెల్లూరుకు వచ్చి తీసుకొస్తాను. తర్వాత మద్రాసులోనే ఉంటావా, ఇక్కడ ఉంటావా అన్నది నీ ఇష్టం. ఎవరేమన్నా ఈసారి నేను తల ఊపను.

నువ్వు చదవమన్నావు కాబట్టి చదివాను. అమ్మ వాకిట్లో చేపలు ఆరబెడుతోంది. కూర్చోమంటే కూర్చోలేదు. చేప చేతిలోనే ఉంది. 'శివశంకర్, ఆస్టర్ వేల్ ఓడలో నావికుడు, పై అధికారి ఆజ్ఞ ప్రకారం పని మీద ఉండగా, సముద్రపు అలకు కొట్టుకుపోయి మరణించినాడు. ఇందులో అతని తప్పు గానీ, అతని ఇష్టం గానీ లేదు.' అక్కడిదాకా చదివి తలెత్తితే వీధి వీధంతా మా వాకిట్లో ఉంది.

నా గొంతు ఎంత పెద్దగా వస్తుందో నాకు తెలియదు గదా. రేవు ఇసుకలో వలలు బాగుచేసుకునేవాళ్ళకు కూడా వినబడిందని సుప్రియ తర్వాత చెప్పింది. నీ గురించి వాగినవాడు ఉన్నాడు. శంకర దూకినాడని గుసగుసలాడినవాళ్ళు ఉన్నారు. ఎవరూ కదల్లేదు. అమ్మ కూడా నన్ను ఆపలేదు. ఆ మాటలు నేను అందరికీ వినబడేట్టు చదువుతున్నానని ఆమెకు తెలుసు, నాకే తెలియదు.

అందరూ పోయాక అమ్మ నన్ను లోపలికి పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"ఇంకోసారి చదువు అబ్బయా. ఇప్పుడు నాకొక్కదానికే."

గొంతు పైకి రాకూడదని పెదవులు మాత్రం కదిపాను. వచ్చిందో రాలేదో తెలియదు. అమ్మ నా నోటి వైపు చూస్తూ కూర్చుంది, ఇన్నేళ్ళూ నేను ఆమె నోటి వైపు చూసినట్టు. 'పని మీద ఉండగా' అన్నచోట తల ఊపింది. చదవడం అయ్యాక మొహం గోడ వైపు తిప్పుకుంది. అమ్మ ఏడుస్తోందని నాకు వినబడలేదు. వీపు మీద చెయ్యి వేస్తే తెలిసింది. ఆ చెయ్యి అట్లానే ఉంచాను.

పోలేరయ్య